పీర్ల చావిడి ముందు రోడ్డు

సున్నం గీత పొద్దున్నే గుట్టల సందులోంచి ఊళ్ళోకి దిగింది. మేస్త్రి లింగమూర్తి డబ్బాలో చెయ్యి ముంచి, పిడికిట్లోంచి సున్నం జార్చుకుంటూ, వెనక తాడు పట్టుకున్న మనిషిని వంకర పోనీయొద్దని కసురుకుంటూ, వంచిన నడుం ఎత్తకుండా నడుస్తున్నాడు. ఎత్తి చూసేసరికి పీర్ల చావిడి ముందున్నాడు. ఒక్క క్షణం ఆగాడు. మళ్ళీ వంగాడు. గీత అక్కడ తవ్వి ఉన్న అలావలోకి దిగి, నల్లటి బూడిద మీద తెల్లగా పడి, అవతలి అంచెక్కి పోయింది.

ఎదురుగా తాటాకు పందిరి కింద కంకర కొడుతున్న భూలక్ష్మి అది చూసింది. ఎత్తిన సుత్తె ఎత్తినట్టే ఉంది. రాయి జారకుండా చుట్టగా పెట్టుకున్న సైకిలు టైరు ముక్కలో సగం పగిలిన రాయి దెబ్బ కోసం చూస్తోంది.

"నీలమ్మా, చూసినవా?" అంది పక్కనున్న ఆమెతో.

"చూసిన. ఏం జేస్తం?" అంది నీలమ్మ, వేళ్లకు చుట్టుకున్న గుడ్డపేలిక పళ్ళతో బిగించుకుంటూ.

పీర్ల నెల కనిపించగానే ఆ ఊళ్ళో చావిడి ముందు నేల తవ్వుతారు. నడుం లోతు గుండం. అదే అలావ. పండగ రోజుల్లో సాయంత్రాలు అందులో మొద్దులు కాలుస్తారు, తెల్లారేసరికి బూడిద చల్లబడుతుంది. పొద్దు వాలగానే డప్పులు మోగుతాయి. ఊరు ఊరంతా దాని చుట్టూ కాలు కలిపి ఆడుతుంది. చావిడి చూసుకునే మదార్ సాబుది ఊళ్ళో ఒక్కటే సాయబుల ఇల్లు. పీర్లను ఎత్తేవాళ్ళు, మొద్దులు మోసుకొచ్చేవాళ్ళు, మొక్కుకుని ఎండుకొబ్బరి కుడకల దండలు వేసేవాళ్ళు అందరూ పోశమ్మకు బోనం చేసేవాళ్ళే.

గచ్చిబౌలి దాటి ఈ గుట్టల్లోకి నిన్నమొన్నటిదాకా బండ్ల బాటే దిక్కు. ఇప్పుడు గుట్టల అవతల పెద్ద కార్ఖానా కడతారట. యంత్రాలు పరదేశం నుంచి వస్తాయట, వాటిని నిలబెట్టే ఇంజనీర్లూ అక్కణ్ణుంచే దిగుతారట. ఆ కార్ల కోసం ఈ రోడ్డు. ఊళ్ళో సగం మంది ఆ పని మీదే బతుకుతున్నారు.

పూట గడవకముందే జీపు వచ్చి ఆగింది. అసిస్టెంట్ ఇంజనీరు సోమేశ్వరరావు దిగాడు. గుంటూరు వైపు మనిషి. ఇస్త్రీ నలగని టెరిలిన్ చొక్కా, చేతిలో చుట్టిన ప్లాను కాగితం. ఎండలో కంకర కొట్టే ఆడవాళ్లకు పందిరి వేయించిందీ, తాగడానికి కుండలు పెట్టించిందీ ఆయనే. ఎవరినీ ఒరే అన్నవాడు కాదు. అందుకే అలావ పూడ్చాలన్న మాట ఆయన నోటి నుంచి వచ్చేసరికి గట్టిగా ఎదురు చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు.

"చూడండమ్మా," అన్నాడు పందిరి దగ్గరికి వచ్చి. "ఎల్లుండి కార్ఖానాకు శంకుస్థాపన. విదేశీ ఇంజనీర్లు వస్తున్నారు. వాళ్ళ కార్లు ఇటే రావాలి. రేపు సాయంత్రానికల్లా ఆ గొయ్యి పూడ్చి, మొరం పోసి, రోలరు తిప్పేయాలి."

"ఎల్లుండే సారు పీర్లు లేసి ఊరేగేది," అంది భూలక్ష్మి. "పండుగైనంక మేమే పూడుస్తం. ఏటేట గంతే. జర ఆగుండ్రి."

"ఆగడానికి నా చేతిలో లేదమ్మా. పండగ మానమనడం లేదుగా. చావిడి వెనక చేసుకోండి ఈసారికి."

"ఎనుక పెంటకుప్పలున్నయి సారు."

ఆయన ముఖం చిన్నబోయింది. ప్లాను కాగితాన్ని అరచేతిలో కొట్టుకున్నాడు. "అసలు ఇది మన పండగ కూడా కాదు కదమ్మా. ఎక్కడినుంచో వచ్చింది. పైదేశం వాళ్ళు వచ్చేసరికి నిప్పుల చుట్టూ గెంతుతూ కనిపిస్తే మన గురించి ఏమనుకుంటారు? మన సంస్కృతి చూపిద్దాం. శంకుస్థాపన పందిట్లో మీరంతా బతుకమ్మ ఆడండి. అందరికీ ఒకే రంగు చీరలు తెప్పిస్తున్నాం."

ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. నీలమ్మకు నవ్వాగలేదు.

"బతుకమ్మ పోయి నాలుగు నెలలాయె సారు. గిప్పుడు తంగేడు ఏడున్నది, గునుగు ఏడున్నది? దేనితోటి పేర్వాలె?"

"కాగితం పూలు చేయిస్తున్నామమ్మా. అచ్చం పూలలాగే ఉంటాయి."

జీపు వెళ్ళిపోయాక భూలక్ష్మి సుత్తె దించింది. రాయి రెండయింది. మన పండగ కాదన్న మాట ఆమెకు కోపం కంటే ముందు వింతగా తోచింది. పీర్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో ఆమెకు తెలియదు. ఈ గుట్టలు ఎక్కణ్ణుంచి వచ్చాయో కూడా ఎవరూ చెప్పలేదు. పుట్టి కళ్ళు తెరిచేసరికి రెండూ ఉన్నాయి.

సాయంత్రం నీళ్లు తెచ్చుకుని ఇంటికి వచ్చేసరికి ఆమె మొగుడు సాయిలు అరుగు మీద కూర్చుని పార అంచుకు రాయి పెట్టి నూరుతున్నాడు. రోజూ పని అయ్యాక ముఖం కూడా కడుక్కోకుండా బీడీ కోసం పోయేవాడు ఇట్లా పారతో కూర్చోవడం చూసి ఆమె కడవ దించకుండానే నిలబడింది.

"రేపు పూడ్చేటోళ్లల్ల నువ్వున్నవా?"

సాయిలు తల ఎత్తలేదు. "వాచ్‌మన్ నౌకరి ఇస్తరట. పర్మినెంటు. ఖాకీ బట్టలు, నెల జీతం. సారు నా పేరే అడిగిండట."

"ఊర్ల ఇంతమంది ఉంటే నీ పేరే ఎందుకడిగిండు?"

"పీరెత్తేటోడు నేనని ఎవరో చెప్పిండ్రు. నేనే దగ్గరుండి పూడిస్తే మిగిలినోళ్లు సప్పుడు జెయ్యరని."

అబద్ధం చెప్పలేదు. అదే ఆమెకు ఎక్కువ బాధ కలిగించింది. కడవ దించి తుంగచాప అంచు మీద కూర్చుంది.

"మరి ఎల్లుండి పీరు?"

"ఎల్లుండి కార్ఖాన గేటు కాడ డ్యూటీ."

"అది మా అయ్య ఎత్తిన పీరు. మా అయ్యకు మొగపిల్లలు లేరని, ఇల్లరికం వచ్చినోనివని నీ చేతిల పెట్టిండ్రు. గేటు కాడ నిలవడనీకె కాదు."

పార మీద రాయి ఆగింది. "ఇల్లరికం," అన్నాడు సాయిలు నెమ్మదిగా. "ఇల్లు మీ అయ్యది. చెలక మీ అయ్యది. ఆఖరికి పీరు గూడ మీ అయ్యదే. నాదంటు ఒక్క నౌకరి ఉండొద్దా భూలచ్చిమీ?"

ఆమె లేచి పొయ్యి రాజేసింది. ఆ రాత్రి ఇద్దరూ చెరో మూల కూర్చుని తిన్నారు.

తెల్లారి పనికి పోయేముందు ఆమె మదార్ సాబు దగ్గరికి వెళ్ళింది. ముసలాయన చావిడి గడపలో కూర్చుని పీరుకు కట్టే ఆకుపచ్చ దట్టీకి జరీ అంచు కుడుతున్నాడు. ఊళ్ళో వాళ్ల రవికలూ ఆయనే కుడతాడు. వెనక చీకట్లో పీర్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఇత్తడి పంజాల కింద రంగురంగుల బట్టలు, కుడకల దండలు. ఊదు పొగ సన్నగా గడప దాటుతోంది.

"తాతా, అలావ పూడుస్తరట."

"ఎరుకే బిడ్డా. నిన్న నేనే సారు కాడికి పోయిన. ఎనుకకు జరుపుకుంటమని చెప్పొచ్చిన."

"నిన్నెవరు పొమ్మన్నరు?"

ఆయన సూదిలో దారం సాగదీశాడు. "ఎవ్వరు పొమ్మనలే. మీరు లొల్లి జేస్తే ఊరోళ్ల లొల్లి అంటరు. నేను నోరిప్పితే సాయబుల లొల్లి అంటరు. నాది ఒక్క ఇల్లు. జవానిల ఉన్నప్పుడు అసొంటి లొల్లి ఒకసారి చూసిన. చాలు."

ఏం చూశావని ఆమె అడగలేదు. అడిగే ఈడు వచ్చిననాటి నుంచీ ఆ సంగతి అడగకూడదని ఊళ్ళో అందరికీ తెలుసు.

"అయితే నువ్వు గమ్మునుండు. మేం మాట్లాడుతం."

"మీరు మాట్లాడినా తర్వాత అడిగేది నన్నే బిడ్డా," అన్నాడు మదార్ సాబు. సూది మళ్ళీ గుడ్డలో దిగింది.

భూలక్ష్మి పదిమందిని కూడగట్టాలనుకుని వచ్చింది. ఇప్పుడు ఆ పదిమందీ కూడితే దాని బరువు ఎవరి నెత్తిన పడుతుందో కనిపించింది. ముసలాయన వైపు ఇంకోసారి చూసి, పందిరి కిందికి పోయి, తన సుత్తె, టైరు చుట్ట, గోనెపట్టా, ఒక తట్టెడు రాళ్ళు తీసుకుంది. ఎవరినీ పిలవలేదు. అలావలోకి దిగి, సున్నం గీత మీద గోనెపట్టా పరిచి, మఠం వేసుకుని కూర్చుని కంకర కొట్టడం మొదలుపెట్టింది.

సాయిలూ మరికొందరూ పారలతో వచ్చేసరికి దెబ్బ దెబ్బకీ గుండంలోంచి బూడిద లేస్తోంది. ఆమె నడినెత్తీ, ఎత్తిన సుత్తే తప్ప పైకి ఏమీ కనిపించడం లేదు.

"లెవ్వు," అన్నాడు సాయిలు.

"పని జేస్తున్న."

"గీడనా?"

"రాయి యాడ కొడితేంది? కంకర కంకరనే."

లింగమూర్తి పరుగెత్తుకొచ్చాడు. "ఏందమ్మా ఈ తమాషా? కూలి కోస్త చూడు."

"కొయ్యి," అంది ఆమె. టైరు చుట్టలో కొత్త రాయి పెట్టింది.

నీలమ్మ కాసేపు పందిరి కింద నుంచే చూసింది. తర్వాత నెత్తిన రాళ్ళ తట్ట పెట్టుకుని వచ్చింది. "దీని తట్టల రాళ్లయిపోయినయి మేస్త్రీ, ఇచ్చొస్త," అని గుండంలోకి దిగింది. దిగి, అక్కడే కూర్చుంది. సాయిలు పార నేలకు గుచ్చి దాని మీద రెండు చేతులూ పెట్టి నిలబడ్డాడు. ఒక్క పారెడు మట్టి కూడా పడలేదు.

సోమేశ్వరరావు వచ్చింది మధ్యాహ్నం ఎండలో. గుండం అంచుకు వచ్చి లోపలికి చూశాడు. "ఏంటమ్మా ఇది?"

"కంకర సారు. నున్నగ కొడుతున్న. తెల్లదొరల కార్లు కుదుపుకుండ పోవాలె గద."

"బయటికి రండి. మాట్లాడుకుందాం."

"మాట్లాడుండ్రి. చెవులు నాతోనే ఉన్నయి." సుత్తె పక్కన పెట్టింది. "ఒక్కటి మాత్రం ముందే చెప్త. మదార్ తాతకు దీంట్ల సంబంధం లేదు. ఆయన ఎనుకకు జరుపుతమనే అన్నడు. ఊరోళ్లు గూడ లేరు. నా ఇంటాయన పార పట్టుకొని మీ దిక్కే నిలవడ్డడు. కూసున్నది నేను. ఏమన్న రాసుకునేదుంటే నా పేరు రాసుకోండ్రి. భూలక్ష్మి."

సోమేశ్వరరావు చుట్టూ చూసి, ప్యాంటు మోకాళ్ల దగ్గర పైకి లాక్కుని అంచు మీద గొంతుక్కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. "నాకూ పైవాళ్ళున్నారమ్మా. ఊరు చూసి వాళ్ళు నవ్వుకుంటే ఆ మాట నా మీదకే వస్తుంది. ఒక్కరోజు సర్దుకోలేరా?"

"వాళ్లు నవ్వుతరని మాకైతే సిగ్గు లేదు సారు. మాకు లేని సిగ్గు మీకెందుకు?"

అంతలో వెనక నుంచి పిలుపు వినిపించింది.

"మస్తానూ! ఇక్కడున్నావా నాయనా!"

తెల్లచీర కట్టుకున్న ముసలావిడ, చంకలో ఇత్తడి చెంబు, దాని మీద మూసిన అరిటాకు ముక్క. ఆయన తల్లి పుణ్యవతమ్మ. ఊరి చివర రేకుల క్వార్టరులో కొడుకుతో ఉండటానికి వచ్చి కొద్దిరోజులే అయింది. సోమేశ్వరరావు గభాలున లేచాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"అమ్మా, ఎండలో ఎందుకొచ్చావు? పద, ఇంటికి పద."

"నిన్న సాయంత్రం నుంచీ ఊదు వాసన వస్తంది. పీర్లు లేచే రోజులు గదా అనుకున్నా. పానకం కలిపి తెచ్చా." ఆవిడ చావిడి వైపు నడిచి, గడప బయటే చెప్పులు విడిచింది. "ఏమయ్యా, మా ఊళ్లో పానకమే పోసేవాళ్ళం. మీ దగ్గర ఏం పోస్తారో తెలవదు. పుచ్చుకుంటారా?"

మదార్ సాబు కంగారుగా లేచి నిలబడ్డాడు. దట్టీ ఒళ్లోంచి జారింది. "మా దిక్కు షర్బత్ అంటమమ్మా. బెల్లంనీళ్లే గద. తెండి. సారును... మస్తాన్ అన్నరు?"

"మస్తాన్‌రావేగా వీడి పేరు! ఇద్దరు పిల్లలు పోయాక గుంటూరు మస్తాను దర్గాలో మొక్కితే వీడు నిలిచాడు. బళ్ళో వేసేప్పుడు వీళ్ళ నాన్న సోమేశ్వరరావని రాయించాడు. ఉద్యోగాలకి అదైతే బాగుంటదని. నాకు నోరు తిరగదు."

పార పట్టుకున్నవాళ్లలో ఒకరు చిన్నగా దగ్గారు. ఎవరూ నవ్వలేదు. పుణ్యవతమ్మ చెంబు ఇచ్చేసి వెనక్కి వస్తూ గుండం దగ్గర ఆగింది. "ఇదేంటమ్మాయ్, గుండంలో కూచున్నారు?"

"మీ కొడుకు పూడ్వమంటున్నడమ్మా," అంది నీలమ్మ.

ముసలావిడ కొడుకు వైపు తిరిగింది. "గుండం పూడిస్తే నిప్పులెక్కడ తొక్కుతార్రా మరి?"

కోపంగా అడగలేదు. నిజంగానే అర్థంకాక అడిగింది. సోమేశ్వరరావు ప్యాంటుకు అంటిన బూడిద దులుపుకున్నాడు. అది పోకపోగా చారలు చారలుగా పరుచుకుంది. తల్లిని చెయ్యి పట్టుకుని జీపు ఎక్కించాడు. లింగమూర్తి వెంటపడ్డాడు. "సార్, మరి గొయ్యి సంగతి?" జీపు కదిలిపోయింది. పూడ్చమని గాని, వద్దని గాని చెప్పలేదు.

పొద్దు వాలేదాకా ఆడవాళ్లిద్దరూ లేవలేదు. డప్పు మోగినప్పుడు లేచి, కొట్టిన కంకర తట్టలకెత్తి పైకి అందించారు. వాళ్ళు కూర్చున్న చోట మొద్దులు పడ్డాయి. సాయిలు పార తీసుకుని ఇంటికి పోయాడు. ఆ సాయంత్రం ఆటకు రాలేదు.

పీర్లు లేచే రోజు పొద్దున అతను ఖాకీ చొక్కా వేసుకున్నాడు. బొత్తాలు పెట్టుకోవడం అలవాటు లేక ఒకటి కిందికి ఒకటి పైకి అయ్యాయి. భూలక్ష్మి దగ్గరికి వచ్చి సరిచేసింది.

"మంచిగున్నది," అంది. మనస్ఫూర్తిగానే అంది.

"కోపమున్నదా?"

"ఉన్నది. పో, డ్యూటీకి ఆలస్యమైతది."

చావిడి దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. పెద్ద పీరు లేచింది, రెండోది లేచింది. మూడో పీరు దగ్గర మదార్ సాబు నెమలీకల కట్ట పట్టుకుని అటూ ఇటూ చూస్తున్నాడు. సాయిలు తర్వాత ఎత్తవలసిన మగవాళ్ళు ఒకరి వెనక ఒకరు జరిగారు. గేటు దగ్గర ఖాకీ చొక్కాలు ఇంకా మిగిలి ఉన్నాయని, పీరెత్తినవాళ్లకు మాత్రం అవి దొరకవని లింగమూర్తి పొద్దున ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు.

భూలక్ష్మి ముందుకొచ్చింది. తలస్నానం చేసిన జుట్టు ఇంకా తడిగానే ఉంది. కొంగు నడుముకు బిగించింది.

"ఆడోళ్లు ఎత్తంగ నేను చూడలే బిడ్డా," అన్నాడు మదార్ సాబు.

"నువ్వు చూడలేదు. ఎత్తొద్దని ఎవరన్న చెప్పంగ ఇన్నవా?"

ముసలాయన ఆలోచించాడు. జనం ఆయన ముఖమే చూస్తున్నారు. ఈసారి తల దించుకోలేదు. "లే," అన్నాడు చివరికి. "ఎవ్వరు అడుగలే గనుక ఎవ్వరు చెప్పలే." దట్టీ తీసి స్వయంగా ఆమె నడుముకు చుట్టి, పీరు కర్ర మొదలు అందులో ఆనించాడు. నెమలీకలతో నెత్తిన తట్టాడు.

బరువు ఆమె అనుకున్నట్టు లేదు. కంకర తట్ట నెత్తిన నిలుస్తుంది. ఇది ముందుకు లాగుతుంది, పక్కకు లాగుతుంది, పైనున్న బట్టల్లో గాలి దూరి మనిషిని తిప్పేస్తుంది. మొదటి అడుగులో తూలింది. నీలమ్మ వెనకనుంచి వీపుకు చెయ్యి ఆనించింది. రెండో అడుగు సొంతంగా వేసింది. డప్పులు గట్టిపడ్డాయి. "ధూలా! ధూలా!" అని జనం పండగ కేకలు వేశారు. నిప్పుల మీంచి మగవాళ్ళు పరుగెత్తారు. ఊరేగింపు అలావను చుట్టి, గుట్టల సందులోకి మళ్ళింది.

ఆ సందులో రెండు వైపులా నిలువెత్తు బండలు. మధ్యలో ఒక బండి పట్టేంత దారి. అందులోకి వాళ్ళు దిగేసరికి అటు చివరనుంచి నల్లకారు వచ్చింది. హారన్ కొట్టింది. డప్పులు దాన్ని మింగేశాయి. ముందుసీట్లోంచి సోమేశ్వరరావు దిగాడు. మెడకు టై బిగించుకున్నాడు. చెమట కారుతోంది.

పెద్ద పీరూ రెండో పీరూ ఎత్తినవాళ్ళు కార్ఖానా కారు చూసి అడుగు వెనక్కి తగ్గారు. తగ్గని భూలక్ష్మి అట్లా ముందుకొచ్చింది.

"కొంచెం పక్కకి జరగండమ్మా. ఒక్క నిమిషం. పెద్దాయన ఉన్నారు కారులో," అన్నాడు సోమేశ్వరరావు. గొంతులో ఆజ్ఞ లేదు, బతిమాలుతున్నాడు.

"పక్క యాడున్నది సారు? అటు గుట్ట, ఇటు గుట్ట. పీరు ఎనుకకు నడువది. మీ మోటరుకు ఎనుకకు పోయే గేరు ఉన్నది గద."

ఆయన భయంగా వెనక సీటు వైపు చూశాడు. భూలక్ష్మి కూడా చూసింది. అద్దం దించి ఉంది. ఎర్రటి ముఖం, తెల్లటి కనుబొమలు ఉన్న లావుపాటి మనిషి తల వెనక్కి వాల్చి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఒళ్ళో టోపీ. డప్పులు చెవి పక్కనే మోగుతున్నా కనురెప్ప కదలలేదు.

"విమానం దిగినకాడి నుంచి గిట్లనే పండిండు," అన్నాడు డ్రైవరు. "గండిపేట చూపెట్టినా లేవలే, గోల్కొండ చూపెట్టినా లేవలే."

భూలక్ష్మికి నవ్వొచ్చింది. పీరు చేతిలో ఉండగా నవ్వొచ్చునో లేదో ఆమెకు తెలియదు. ఆగలేదు. మూడు రోజులుగా ఊరిని, ముసలాయన్ని, మొగుణ్ణి, తనను వణికించిన చూపు ఇదే. రెప్పల కింద ఉంది. సోమేశ్వరరావు ఆ ముఖాన్ని చాలాసేపు చూశాడు. టై ముడి కొద్దిగా వదులు చేసుకున్నాడు.

"వెనక్కి తియ్యి," అన్నాడు డ్రైవరుతో.

కారు మూలుగుతూ వెనక్కి నడిచింది. ఆయన బండకు వీపు ఆనించి దారిచ్చాడు. బూట్లు విప్పలేదు, చేతులు జోడించలేదు. కాని ఊదు పొగ ముఖం మీదికి వచ్చినప్పుడు తల తిప్పుకోలేదు.

సందు దాటి కాలిబాటన గుట్ట చుట్టి వస్తే శంకుస్థాపన పందిరి. మామిడి తోరణాల కింద కాగితం పూల బతుకమ్మలు బల్లల మీద వరసగా ఉన్నాయి. చుట్టూ ఎవరూ లేరు. ఒకే రంగు చీరలు మడత విప్పకుండా కుర్చీలో పడి ఉన్నాయి. గేటు దగ్గర ఖాకీ చొక్కాలో సాయిలు బిగుసుకుని నిలబడ్డాడు. సందు దాటాక వరస మళ్ళీ కుదిరి, ముందు పెద్ద పీరు పోయింది, రెండోది పోయింది. మూడో పీరు కింద తన భార్యను చూసి అతని చేతిలో కర్ర జారింది.

పీరెత్తినవాళ్ళ కాళ్ళ మీద ఇంటింటి ముందూ నీళ్ళు పోయడం ఆనవాయితీ. ఆడవాళ్ళు పోస్తారు. ఏటా సాయిలు కాళ్ళ మీద ఆమె పోసేది. అతను ఒకసారి ఇటు పందిరి వైపు, ఒకసారి అటు ఆమె వైపు చూశాడు. అతిథులు చేతులు కడుక్కోవడానికని ఉంచిన రాగిబిందె రెండు చేతులతో ఎత్తి, గేటు దాటి దారి మధ్యకు వచ్చి, ఆమె కాళ్ళ మీద నీళ్ళు పోశాడు. బూడిదా ఎర్రమట్టీ కరిగి పారాయి. వెనకనుంచి ఎవరో గేటు వదిలి ఎక్కడికిరా అని అరుస్తున్నారు.

"బరువున్నదా?" అన్నాడు.

"ఉన్నది."

"ఇయ్యి మరి."

"ఇయ్య. పక్కన నడువు."

అతను నడిచాడు. ఖాకీ చొక్కా మరుసటిరోజే వెనక్కి తీసుకున్నారు. దాంతో పాటు నౌకరీ పోయింది. ఆ సంగతి మీద మొగుడూ పెళ్ళాల మధ్య తర్వాత మాటలు రాకపోలేదు. ఒక్కోసారి గట్టిగానే వచ్చాయి. కాని ఇల్లరికమన్న మాట ఆమె నోటి నుంచి మళ్ళీ రాలేదు.

పండగ వెళ్ళిపోయాక, ఏటా చేసినట్టే, ఊరివాళ్ళే అలావ పూడ్చారు. మదార్ సాబు మొదటి పిడికెడు మట్టి వేశాడు. సాయిలు పారతో లాగాడు. భూలక్ష్మి, నీలమ్మ తట్టలతో మొరం తెచ్చి పోశారు, దాని మీద తాము కొట్టిన కంకరే పరిచారు. రోలరు దూరంగా పొగ వదులుతూ ఎదురుచూస్తోంది. సోమేశ్వరరావు ప్లాను కాగితం లేకుండా వచ్చి నిలబడ్డాడు.

"మొన్న గట్టిగానే మాట్లాడారు," అన్నాడు ఆయన.

"గట్టిగ మాట్లాడితేనే గద సారు మీకు ఇనవడ్డది."

ఆయన చదునైన నేల వైపు చూశాడు. "వచ్చే ఏడు ఏం చేస్తారు? అప్పటికి దీని మీద తారు కూడా పడుతుంది."

"తవ్వుకుంటం."

"రోడ్డునా?"

"ఏసింది మేమే గద సారు," అంది భూలక్ష్మి, తట్ట బోర్లించి దులుపుతూ. "ఏసినోళ్లకు తవ్వనీకె రాదా?"

రోలరు కదిలింది. చావిడి ముందుకు వచ్చి ఒకసారి పోయింది, ఒకసారి వెనక్కి వచ్చింది. మళ్ళీ తిప్పబోతుంటే సోమేశ్వరరావు చెయ్యెత్తి ఆపాడు.

"ఇక్కడ ఇక చాలు లింగమూర్తీ. ఎక్కువ తిప్పొద్దు."

"ఎట్ల సార్? గట్టివడదు. రేపు వానలకు గుంతవడతది."

"పడనివ్వండి," అన్నాడు సోమేశ్వరరావు.